తోపుడు బండిని హక్కుగా నిలబెట్టుకోవడం ఎలా?

అనంతపురంలో గడియారస్తంభం దగ్గర, పాతూరు సందుల్లో, సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల పొద్దున్నే ఒకసారి తిరిగి చూడండి. చీనీకాయల బండ్లు, ఉడకబెట్టిన చెనక్కాయల గంపలు, ఉగ్గాని బజ్జీల పొయ్యిలు, పూలబుట్టలు కనిపిస్తాయి. వాటి వెనుక నిలబడినవారిలో సేద్యం వదిలి వచ్చినవారు, అలా వచ్చినవారి పిల్లలు చాలామంది. వాన మొహం చాటేసి, బోరు ఎండిపోయి, వేరుశనగ చేతికి రాని ఏడాది కొందరు బెంగళూరు బస్సు ఎక్కారు. ఎక్కలేనివారు అప్పు చేసి బండి కొన్నారు.

ఈ వ్యాసం ఆ బండి మీద బతికేవారి కోసం. ఫోనులో తెలుగు చదవగలిగిన వారి కొడుకులు, కూతుళ్ల కోసం ఇంకా ఎక్కువగా. మీ అమ్మకో, నాన్నకో దీన్ని చదివి వినిపించండి. కాగితం పని మీరు భుజాన వేసుకోండి.

మా అమ్మ ఈ జిల్లాలోనే ఒక పట్టణంలో పదిహేనేళ్లు గంపలో పండ్లు అమ్మింది. ఎవరు లేవమన్నా లేచేది. ఎవరు రెండు పండ్లు తీసుకుపోయినా ఊరుకునేది. ఆ చోట కూర్చునే అర్హత తనకు ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అప్పట్లో చేతికి అందే చట్టమూ లేదు. ఇప్పుడు ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు తెలుసుకోవలసినది

బొంబాయి ఫుట్‌పాత్ నివాసుల కేసులో 1985లో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది: రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఉంది. బతుకుతెరువు తీసేస్తే బతుకు తీసేసినట్టే అన్నది ఆ తీర్పు సారాంశం. 1989లో మరో తీర్పు, వీధిలో వ్యాపారం చేసుకోవడం 19వ అధికరణం కింద హక్కేనని, దానికి న్యాయమైన పరిమితులు ఉండవచ్చని చెప్పింది. ఆ తర్వాత వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ, వీధి వ్యాపార క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. అది 2014 మే 1 నుంచి అమలులో ఉంది. మీ చేతిలోని ఆయుధం ఈ చట్టమే. కింద చెప్పే సెక్షన్లన్నీ దీనిలోవే.

హక్కును ఎలా అడగాలో మన జిల్లా పల్లెలకు కొత్త కాదు. ఉపాధి హామీ పథకం దేశంలో మొదట ప్రారంభమైంది నార్పల మండలం బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. పని కావాలని దరఖాస్తు ఇవ్వాలి, తేదీ వేసిన రసీదు తీసుకోవాలి, ఆ తేదీ నుంచి పదిహేను రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి అడగాలి: ఇదీ ఆ చట్టం కూలీలకు నేర్పిన పాఠం. రసీదు లేనివారి అడగడం గాలిలో కలిసింది. రసీదు ఉన్నవారి అడగడం లెక్కలోకి ఎక్కింది. ఆ పాఠాన్నే పట్నం వీధిలోకి తెచ్చుకుందాం.

మొదటి పని: ఆ చోట మీరు ఉన్నారని రుజువులు పోగు చేయండి

ఒక ప్లాస్టిక్ సంచి కొనండి. అందులో ఆధార్, బియ్యం కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు, రెండు ఫోటోలు పెట్టండి. అసలు విలువైనవి వీటి తర్వాత వస్తాయి. మార్కెట్ గుత్తేదారుకు కట్టిన ఆశీళ్ల చీటీలు ఎంత చిరిగినా పారేయకండి. ఎప్పుడైనా జరిమానా కట్టి ఉంటే ఆ రసీదు మరీ ముఖ్యం. చాలామంది దాన్ని అవమానంగా భావించి చించేస్తారు. ఫలానా తేదీన ఫలానా చోట మీరు వ్యాపారం చేస్తున్నారని ప్రభుత్వ సిబ్బందే రాసి ఇచ్చిన సాక్ష్యం అది. దానికన్నా గట్టి రుజువు ఏముంటుంది?

బండి, వెనుక ఉన్న దుకాణం బోర్డు రెండూ కనిపించేలా నెలకు ఒక ఫోటో తీయండి. పక్క దుకాణం యజమాని మంచివాడైతే, మీరు ఎన్నేళ్లుగా అక్కడ ఉన్నారో రెండు వాక్యాలు రాయించి సంతకం తీసుకోండి. ఒక నోటు పుస్తకం పెట్టి ఎవరు వచ్చారు, ఏమన్నారు, ఎంత తీసుకున్నారు, ఏ తేదీ, ఎన్ని గంటలకు అన్నది ఆ రోజే రాయండి. వారం తర్వాత రాసినదానికి బలం ఉండదు.

రెండో పని: సర్వేలో పేరు, చేతికి ధ్రువపత్రం

మూడో సెక్షన్ ప్రకారం పట్టణ వీధి వ్యాపార కమిటీ ఊరిలోని వీధి వ్యాపారులందరినీ సర్వే చేయాలి. ఐదేళ్లకు ఒకసారైనా మళ్లీ చేయాలి. ఆ సెక్షన్‌లోనే మరో మాట ఉంది, దాన్ని కంఠస్థం చేయండి: సర్వే పూర్తయి అందరికీ ధ్రువపత్రాలు అందేవరకు ఏ వీధి వ్యాపారినీ ఖాళీ చేయించకూడదు, వేరే చోటికి తరలించకూడదు.

సర్వేలో ఉండి, పద్నాలుగేళ్లు నిండిన ప్రతి వ్యాపారికీ నాలుగో సెక్షన్ కింద వ్యాపార ధ్రువపత్రం, ఆరో సెక్షన్ కింద గుర్తింపు కార్డు రావాలి. సర్వే అయిపోయాక బండి పెట్టినవారు కూడా నిరాశ పడనక్కర లేదు. రెండు సర్వేల మధ్య కొత్తవారికి ఇవ్వడానికీ చట్టంలో చోటు ఉంది. ఆ చోట ఎంతమందికి వీలుందో చూసి కమిటీ నిర్ణయిస్తుంది.

మీ వార్డు సచివాలయంలో, మున్సిపల్ కార్యాలయంలోని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) విభాగంలో అడిగి మీ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అర్జీ ఇలా రాయండి:

"కమిషనర్ గారికి. నేను ఫలానా వార్డులో, ఫలానా దుకాణం ఎదురుగా, ఫలానా సంవత్సరం నుంచి పండ్ల బండి నడుపుతున్నాను. నాకు వేరే జీవనాధారం లేదు. వీధి వ్యాపారుల చట్టం 2014, మూడో సెక్షన్ ప్రకారం నా పేరు సర్వేలో నమోదు చేసి, నాలుగు, ఆరు సెక్షన్ల ప్రకారం ధ్రువపత్రం, గుర్తింపు కార్డు ఇవ్వాలని కోరుతున్నాను. రుజువుల నకళ్లు జతచేశాను. నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఇంతే చాలు. "కటిక పేదదాన్ని, కనికరించండి, మీ కాళ్లు మొక్కుతాను" అనే వాక్యాలు రాయకండి. మర్యాద ఉండాలి, ప్రాధేయపడడం వద్దు. కనికరం చూపకపోతే ఏ అధికారినీ నిలదీయలేం. సెక్షన్ అమలు చేయకపోతే కారణం చెప్పమని అడగవచ్చు.

అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. వేయం అంటే గొడవ పడకండి. బయటికి వచ్చి అదే అర్జీని స్పీడ్ పోస్టులో పంపి, చీటీ సంచిలో పెట్టుకోండి.

ఇంట్లో ఎవరి పేరు మీద తీసుకోవాలి? రోజంతా ఎండలో నిలబడేది ఎవరో వారి పేరు మీద. భార్య అమ్ముతూ ఉంటే భర్త పేరు రాయించే ఇళ్లు నేను చాలా చూశాను. ఇది తప్పు. రేపు ఆ ఇంట్లో కలత వస్తే ఆమె చేతిలో ఏమీ మిగలదు. ధ్రువపత్రం ఉన్నవారు చనిపోయినా, శాశ్వతంగా మంచాన పడినా, గడువు ముగిసేదాకా ముందు జీవిత భాగస్వామి, తర్వాత వారి మీద ఆధారపడిన బిడ్డ ఆ వ్యాపారం చేసుకోవచ్చని ఐదో సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఎవరి పేరున ఉన్నా ఇంటికి ఆసరా పోదు.

అదే సెక్షన్ కింద మీరు హామీ కూడా ఇవ్వాలి: వ్యాపారం నేనో, నా కుటుంబమో చేస్తాం, వేరే బతుకుతెరువు లేదు, ఈ పత్రాన్ని ఎవరికీ అద్దెకు ఇవ్వను. పది బండ్లు పెట్టి రోజువారీ అద్దెకు తిప్పేవారు వీధిలో ఉంటే, వారి వల్ల అందరి మాటా చులకన అవుతుంది. వారిని వెనకేసుకు రాకండి.

మూడో పని: బండి ఎత్తడానికి వచ్చిన రోజు

ఇక్కడ తాపీగా చదవండి. ఎక్కువమంది నష్టపోయేది ఈ పది నిమిషాల్లోనే.

పద్దెనిమిదో సెక్షన్ ప్రకారం ఖాళీ చేయించాలన్నా, తరలించాలన్నా ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ గడువు దాటినా కదలకపోతేనే బలవంతంగా ఖాళీ చేయించవచ్చు. అప్పుడు కూడా సరుకు తీసుకుంటే పంతొమ్మిదో సెక్షన్ ప్రకారం అక్కడికక్కడే జాబితా రాసి, అధికారి సంతకంతో ఒక ప్రతి మీకు ఇవ్వాలి. సరుకు తిరిగి ఇమ్మని మీరు కోరితే, పాడైపోయే పండ్లు, పూలు, కూరగాయలను అదే రోజు ఇవ్వాలి. మిగతా వస్తువులను రెండు పనిదినాల్లో ఇవ్వాలి. నిర్ణయించిన రుసుము ఉంటే కట్టి, రసీదు తీసుకోవాలి.

వాహనం వచ్చి ఆగగానే బండికి అడ్డం పడకండి, చెయ్యి పట్టుకోకండి. చెయ్యి కలిస్తే మీ మీదే కేసు అవుతుంది, అప్పుడు చట్టం మాట ఎవరికీ వినిపించదు. పక్క బండివారిని ఫోనులో వీడియో తీయమనండి. మీరు గొంతు పెంచకుండా మూడే మాటలు అడగండి: "సార్, నోటీసు ఏ తేదీన ఇచ్చారు? మీ పేరు, హోదా చెప్పండి. ఏమేమి తీసుకున్నారో రాసి సంతకం చేసి ఇవ్వండి." జవాబు రాకపోయినా అడిగినట్టు వీడియోలో ఉంటుంది. వాహనం నంబరు రాసుకోండి.

కొన్నేళ్ల కిందట ఒక పట్టణంలో చీనీకాయలు అమ్మే ఒక అక్క సరుకు అలా తీసుకుపోయారు. జాబితా ఇవ్వలేదు. ఆమె నడిరోడ్డు మీద కూర్చుని ఏడుస్తోంది. ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. "అక్కా, ముందు లెక్క చెప్పు" అన్నాను. ఏడుపు ఆపకుండానే చెప్పడం మొదలుపెట్టింది. చీనీకాయల పెట్టెలు మూడు, ఒకటి సగం అమ్మింది. ఎలక్ట్రానిక్ కాటా ఒకటి, దాని మూలకు గులాబీ రంగు దారం కట్టి ఉంటుంది. గొడుగు, కాడ విరిగితే గుడ్డతో కట్టింది. చాకు, గల్లా డబ్బా, అందులో నూట అరవై రూపాయల చిల్లర. రాసేకొద్దీ ఆమె గొంతు స్థిరపడింది. ఆ కాగితం కింద ఆమె వేలిముద్ర, టీ కొట్టు ఆయన సాక్షి సంతకం, సమయం పన్నెండు గంటల పది నిమిషాలు. ఒంటిగంటకల్లా మున్సిపల్ కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించాం. పండ్లు అదే రోజు తిరిగి ఇవ్వాలని సెక్షన్ నంబరుతో రాశాం.

సాయంత్రానికి రెండు పెట్టెలు, కాటా వచ్చాయి. గులాబీ దారం చూసి గుర్తుపట్టింది. మూడో పెట్టె రాలేదు, చిల్లరా రాలేదు. కానీ రాలేదన్న సంగతి వారి కాగితం మీదకే ఎక్కింది. మీకు ఇలాంటి రోజు వస్తే, వారు జాబితా ఇవ్వకపోయినా మీ జాబితా మీరు రాసుకుని, గంటలోపు ఇవ్వండి.

ఒక నిజం చెప్పాలి. ధ్రువపత్రం ఉన్నవారికి ఈ రక్షణ గట్టిగా ఉంటుంది. పత్రం షరతుల ప్రకారం వ్యాపారం చేసుకునేవారిని పోలీసులు సహా ఎవరూ అడ్డుకోకూడదని ఇరవై ఏడో సెక్షన్ చెబుతోంది. పత్రం లేకుండా అమ్మినా, షరతులు మీరినా రెండు వేల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అందుకే రెండో పనిని వాయిదా వేయకండి. ఆసుపత్రి గేటుకు, మలుపులకు, చక్రాల కుర్చీ పోయే దారికి బండి అడ్డం పెట్టకండి. నడిచేవారికీ ఆ వీధి మీద హక్కు ఉంది.

నాలుగో పని: కమిటీలో మీ మనిషి ఉన్నారా?

బండ్లు ఎక్కడ ఉండాలి, ఎక్కడ వద్దు అన్నది పట్టణ వీధి వ్యాపార కమిటీతో సంప్రదించి నిర్ణయించాలి. కమిషనర్ దానికి అధ్యక్షుడు. ఇరవై రెండో సెక్షన్ ప్రకారం సభ్యుల్లో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి. వారిని వ్యాపారులే ఎన్నుకోవాలి. వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. దళితులు, గిరిజనులు, వెనుకబడిన కులాలు, మైనారిటీలు, దివ్యాంగులకూ తగిన స్థానం ఉండాలి.

మీ ఊరి కమిటీ ఎలా ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. దరఖాస్తు రుసుము పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుజువు జతచేస్తే అదీ కట్టనక్కర లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ముప్పై రోజుల్లోపు అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. ప్రశ్నలు చిన్నవిగా, లెక్క చెప్పక తప్పనివిగా ఉండాలి. కమిటీ సభ్యుల పేర్లు, వారిని ఎన్నుకున్న తేదీ. చివరి సర్వే ముగిసిన తేదీ, ఇచ్చిన ధ్రువపత్రాల సంఖ్య. గత ఏడాది సమావేశాల తీర్మానాల నకళ్లు. ఎంత కాలంలో ధ్రువపత్రం ఇస్తారో చెప్పే వీధి వ్యాపారుల ఒడంబడిక ప్రతి. కమిటీ పనుల మీద జరిగిన సామాజిక తనిఖీ నివేదిక. ఈ చివరి రెండూ ఇరవై ఆరో సెక్షన్ కింద ఉండి తీరాలి.

పాత సంతవీధులకు చట్టం ఇచ్చిన రక్షణ చాలామందికి తెలియదు. యాభై ఏళ్లకు పైగా వీధి వ్యాపారం సాగుతున్న సహజ సంతలను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడి వ్యాపారులను తరలించకూడదని రెండో షెడ్యూలు చెబుతోంది. మీ వీధి అలాంటిదే అనిపిస్తే డెబ్బై దాటిన అవ్వలను, తాతలను కూర్చోబెట్టి వాంగ్మూలాలు రాయించండి. వారి ఇళ్లలో పాత ఫోటోలు వెతకండి. ఈ పని ఆలస్యం చేస్తే సాక్షులు మిగలరు.

ఒంటరిగా అడిగే గొంతు నలుగురిలో కలవాలి. వీధికి పది బండ్లు ఉంటే నెలకు ఒక రాత్రి, అమ్మకం ముగిశాక, అరగంట కూర్చోండి. ఆడవారు ముందు మాట్లాడాలని నియమం పెట్టుకోండి. మగవారు మొదలుపెడితే వారి మాటతోనే సమావేశం ముగిసిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఐదో పని: పెట్టుబడి

రోజువారీ వడ్డీ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. పదివేల అప్పు అంటూ వెయ్యి ముందే కోసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతూ ఉన్నారు, తొమ్మిది వేలు పూర్తిగా మీ దగ్గర ఉన్నది ఒక్క రోజే. లెక్క తేల్చితే నూటికి నెలకు ఆరు రూపాయల పైచిలుకు వడ్డీ పడుతుంది.

పీఎం స్వనిధి పథకంలో పూచీకత్తు లేకుండా బ్యాంకు రుణం ఇస్తారు. 2025 ఆగస్టులో మార్చిన నిబంధనల ప్రకారం మొదటి విడత 15,000 రూపాయల దాకా, అది తీర్చాక 25,000, ఆ తర్వాత 50,000 దాకా. గడువు తప్పకుండా కడితే ఏడు శాతం వడ్డీ రాయితీ మీ ఖాతాలో పడుతుంది. 2030 మార్చి 31 వరకు ఈ పథకం ఉంటుంది. ధ్రువపత్రమో, గుర్తింపు కార్డో ఉంటే సరే. లేకపోతే మున్సిపాలిటీ నుంచి సిఫార్సు లేఖ తీసుకోవచ్చు. ఆ లేఖ కోసం ఎవరికీ చేతులు తడపకండి. ఈ రుణం తెచ్చి పెళ్లి ఖర్చుకు పెట్టినా, పాత వడ్డీవాడికి సగం కట్టి సగం మిగిల్చినా రెండు అప్పులూ మెడకు చుట్టుకుంటాయి. తీర్చితే పాతది పూర్తిగా తీర్చండి.

పల్లె నుంచి వచ్చి పట్నంలో ఉంటున్నవారు బియ్యం కోసం ఊరికి తిరగనక్కర లేదు. మీ కార్డు మీద ఏ చౌకధరల దుకాణంలోనైనా బియ్యం తీసుకోవచ్చు.

ఆరో పని: ఎవరూ పలకకపోతే

ఇరవయ్యో సెక్షన్ కింద ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. దానికి సివిల్ జడ్జిగానో, జ్యుడీషియల్ మెజిస్ట్రేట్‌గానో పనిచేసినవారు అధ్యక్షత వహించాలి. మొదటి ఫిర్యాదు అక్కడికే, రాతపూర్వకంగా. ఆ కమిటీ ఏర్పాటే కాలేదంటే అదే విషయం రాసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. అర్జీ నంబరు తీసుకోకుండా కదలకండి.

వకీలు కావాలంటే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. తక్కువ ఆదాయం ఉన్న మిగతావారికీ ఇస్తారు. అక్కడికి వెళ్లేటప్పుడు మీ నోటు పుస్తకం, ముద్ర వేసిన అర్జీలు వరుస తేదీల్లో పేర్చుకుని తీసుకెళ్లండి. కథంతా నోటితో చెప్పే అవసరం రాదు.

కొట్టడం, దుర్భాషలాడడం, కులం పేరుతో తిట్టడం జరిగితే అది బండి గొడవ ఒక్కటే కాదు. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. అధికారులే అలా చేసి ఉంటే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు తెల్లకాగితం మీద రాసి పంపవచ్చు, రుసుము లేదు. ఘటన జరిగిన ఏడాదిలోపే పంపాలి.

ఈ కాగితాలన్నింటికీ రెండు జతల నకళ్లు తీయండి. ఒక జత ఇంట్లో ఉంచి, రెండోది మీరు నమ్మే పొరుగు బండివారి ఇంట్లో దాచండి. అసలు సంచి మాత్రం బండిలో పెట్టకండి. బండి ఎత్తుకుపోయిన రోజు దానితోపాటే సంచీ పోతుంది.